రెండు జ్లోటీలు

పదకొండేళ్లు
వూచ్ నగరంలో ఆ ఎర్ర ఇటుకల షెడ్డు మెట్లెక్కాను,
చంకలో కాంట్రాక్టు ఫైలు, బూట్లకి మంచు.
లోపల నలభై కుట్టుమిషన్లు
రేకుల మీద వానలా.
మా సైన్యానికి పారాచూట్లు కుట్టే చోటు అది.

బోగుమిల మేడమ్ గాజు గ్లాసులో టీ తెచ్చేది.
నేను రెండు జ్లోటీలు బల్ల మీద పెట్టేవాణ్ణి.
సరుకు అమ్మేవాళ్ల చేతి మంచినీళ్లు కూడా
ఊరికే తాగకూడదని మా కొనుగోళ్ల శాఖ రూలు.
ఆమె నవ్వేది కాదు, నొచ్చుకునేదీ కాదు.
దోసకాయల ఊరగాయ అయిపోయిన సీసాలో
నాణేలు వేసి
"ఇక ధర సంగతి" అనేది.

ధర దగ్గర ఇద్దరం పామూ ముంగిసా.
మీటరుకి ముప్పై గ్రోషుల కోసం
ఒక మధ్యాహ్నమంతా తెగేదాకా లాగాం,
తెగలేదు.
కుట్టు మాత్రం బేరానికి పెట్టేది కాదు.
"సెంటీమీటరుకి నాలుగు.
మూడు వేస్తే ఎవరికీ తెలీదు,
దూకినవాడికి తప్ప."

ఒక ఫిబ్రవరి రాత్రి ఒంటిగంటకి ఫోను.
"కెప్టెన్, నలభై రెండో లాటు వెనక్కి పంపండి.
దారం బాగాలేదు."
"పరీక్ష నెగ్గింది మేడమ్, సంతకం నాదే."
"మీ దగ్గర నెగ్గింది.
నా వేళ్ల దగ్గర నెగ్గలేదు."

మూడువందల పన్నెండు పారాచూట్లు
ట్రక్కులెక్కి పుట్టింటికెళ్లాయి.
విప్పారు, మళ్లీ కుట్టారు.
ఆలస్యానికి జరిమానా, పదిహేడో నిబంధన.
ఆ ఉత్తరం కిందా నా సంతకమే.
గడువుకి రెండు రోజుల ముందే కట్టేసింది.

ఆ తర్వాత కొత్త టెండరు, మార్కుల పట్టిక.
ధరకి అరవై, వేళకి ముప్పై, కాగితాలకి పది.
అర్ధరాత్రి ఫోనుకి ఎన్నో
గళ్లన్నీ వెతికాను.
పెన్సిల్‌తో పక్కనొక గడి గీసి
నేనే చెరిపేశాను.
ఆమె ఓడింది రెండు మార్కులతో.

ఉత్తరం పంపితే సరిపోయేది,
వెళ్లాను.
సగం మిషన్లకి అప్పటికే గుడ్డ కప్పి ఉంది.
టీ తెచ్చింది. జేబులో చెయ్యి పెట్టబోతే
"ఉంచండి" అంది.
"ఇప్పుడు మీకు నేనేమీ అమ్మడం లేదుగా.
తాగండి, చల్లారిపోతుంది."

కొత్త కంపెనీ పెట్టెలు వేళకే వస్తున్నాయి.
కాగితాల్లో వంక పెట్టడానికి లేదు.
రాత్రి ఒంటిగంటకి మెలకువొస్తుంది.
ఫోను వైపు చూస్తాను.