గాలిదారి లెక్క

కొత్తవాడ మూలమీద నా జిరాక్సు షాపుకి
కరెంటు వచ్చిన నిమిషానికి
వెల్దండి చంద్రమౌళి వచ్చాడు.
చెవులు సగం సూరత్‌లోనే వదిలేసిన మనిషి.
లూముల మధ్య ముప్పై ఒక్క ఏళ్లు నిలబడితే
జీతంలో కోత కింద అవి కూడా పోతాయి.

"వరంగల్‌కెల్లి సూరత్‌కు
గాలిల పోతె ఎంత దూరం బిడ్డా?"
చాయ్ కొట్టు దగ్గర పందెమట.
బాల్నె సత్తయ్య వెయ్యి అన్నాడట,
ఈయన అంతుండదన్నాడట.
ఓడినవాడు వారం రోజులు చాయ్ పోయించాలి.

రెండు ఊళ్ల పేర్లు కొట్టాను.
తెర మీద రెండు చుక్కలు, మధ్యన ఒక గీత.
సుమారు ఏడు వందల తొంభై కిలోమీటర్లు.
ప్రయాణ సమయం, గంటా ఇరవై నిమిషాలు.
అరవడం కన్నా నయమని
పాడైన కాపీ వెనక రాసి చూపించాను.

కాగితం దూరంగా పట్టి చదివాడు,
దగ్గరికి తెచ్చి మళ్లీ చదివాడు.
"నవజీవన్ల పద్దెనిమిది గంటలు,
అదీ టయానికి నడిస్తే.
బల్లార్షాల నడిజాము చాయ్,
వార్ధా నిద్రల పోతది,
భుసావల్‌ల తెల్లారుడు, అరటిపండ్లు,
నందుర్బార్ దాటినంక ఎండ.
మొదటిపాలి పోయినప్పుడు
రేకుపెట్టె మీద నేను,
కింద మా ఇంటామె,
ఆమె ఒళ్లె కుట్టుమిషన్ తలకాయ.
దొంగలెత్తుకపోతరని పండుకోనే లేదు."

నేను ఇంకో మాట రాశాను:
ఇక్కణ్ణుంచి విమానం లేదు.
మామునూరు రన్‌వే మీద గడ్డి ఉంది,
గడ్డి మీద ఎవరివో గేదెలున్నాయి.
అంటే ఆ గంటా ఇరవై
లేని విమానానిది.
ఎగరనిదానికి కూడా
టైము ఎంత ఖాయంగా ఉందో చూడు!

ఆయనకు అది పట్టలేదు.
నా చేతిలో పెన్ను తీసుకున్నాడు.
నాడె, అని రాశాడు పైన.
కింద లెక్క:
నిమిషానికి నూటిరవై పోట్లు,
పన్నా నాలుగడుగులు,
షిఫ్టు పన్నెండు గంటలు.
వేళ్లు ముడిచాడు, విప్పాడు,
ఒకచోట కొట్టేసి మళ్లీ వేశాడు.
రోజుకు నూరు కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ.

"ఎనిమిది షిఫ్టులకు ఒకపాలి
నా నాడె వరంగల్ వచ్చింది బిడ్డా.
ఇంకో ఎనిమిదికి వాపసు పోయింది.
ముప్పై ఒక్క ఏండ్లల్ల
వెయ్యిపాల్ల మీదనే.
నేను దసరాకొక్కసారి వచ్చిన,
కొన్నేండ్లు అదీ రాలే."

నాలుగడుగుల మేర దాటకుండా
అంత దూరం తిరిగిన చెక్కముక్కను
నేనెప్పుడూ చూడలేదు.
మా తాత మగ్గం గుంత పూడ్చి
సిమెంటు చేసిన చోటే
ఈ జిరాక్సు మిషన్ నిలబడింది.
వానాకాలం అక్కడ నేల కొంచెం కుంగుతుంది,
కాపీలు వంకరగా వస్తాయి.

తెర మీది గీతకు వేలు ఆనించి అడిగాడు:
"గిది పడుగా, పేకా?"

నాకు తెలియదు.
తల అడ్డంగా ఊపాను.
పందెం ఎవరు గెలిచినట్టని అడిగాను,
వినపడలేదు.

రంగు ప్రింటు పది, నలుపు రెండు.
నలుపుదే చాలన్నాడు, గీత కనబడితే అయిపాయె.
కాగితం నాలుగు మడతలు వేసి జేబులో దోపి
రెండు రూపాయల బిళ్ల గాజు మీద పెట్టి
రోడ్డు దాటాడు, చాయ్ కొట్టు వైపు.
స్కూటరువాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.
ఆయన తన నడకలోనే ఉన్నాడు.