ఆటల్లో నీళ్ళు

వచ్చే ఏడాది రాబోయే ఆట ట్రైలరు
రొయ్యల చెరువు గట్టున, కాపలా మంచం మీద పడుకుని
నాలుగుసార్లు చూశాను.
నీళ్ళు అచ్చం నీళ్ళేనట.
ఒక్కో అలకీ ఒక్కో లెక్కట,
ఎండ పడితే ఒకలా, మబ్బు కమ్మితే ఒకలా.
నాది నరసాపురం.
నాకా నీళ్ళ గురించి చెప్పడం?

ఆ నీళ్ళకి ఆగస్టు లేదు,
ఎగువ మట్టంతా మోసుకొచ్చే ఎరుపు లేదు.
కాలవలు కట్టేశాక అడుగున తేలే
ఒంటి చెప్పులు, సారా సీసాలు లేవు.
తెల్లవారుజామున గాలి అందక
రొయ్య పైకి తేలినప్పటి ఆ వాసన లేదు.
అద్దంలా ఉందన్నారు.
అద్దమే అది.

నేను చూసిన మొదటి నీళ్ళు
త్రిమూర్తులుగారి సైకిల్ షాపు వెనక గదిలో,
పోర్టబుల్ టీవీలో,
నాలుగు నీలం గళ్ళు.
ఒక గడి ముందుకి, ఒక గడి వెనక్కి. అంతే.
అందులో పడి నేను చచ్చినన్నిసార్లు
గోదాట్లో ఏ పడవవాడూ మునిగి ఉండడు.
పావుగంటకి రూపాయి.
"ఆయ్, టైమైపోయిందండి బాబూ."
పదేళ్ళ పిల్లల్ని కూడా అండీ అనేవాడు,
అంటూనే స్విచ్చి కట్టేసేవాడు.

పాతవన్నీ బంగారం అని నేననను.
తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని రాసిన
పసుప్పచ్చ క్యాసెట్లో ఉన్నవి ఏడు.
మిగతావన్నీ ఆ ఏడే, చొక్కాలు మార్చుకుని
పెళ్ళి ఫొటోలో మళ్ళీ మళ్ళీ దూరే చుట్టాల్లాగ.
ట్యాంకుల ఆట ఇప్పటికీ గొప్పదే.
కార్ల ఆట అప్పుడే చెత్త.
కష్టమని మేం మురిసిపోయిందంతా కష్టం కాదు, అన్యాయం:
ఎనిమిదో స్టేజిలో మెట్టు మీద కాలేస్తే
అక్కడ మెట్టుండేది కాదు.
కరెంటు పోతే, గెలిచిన రాజ్యాలన్నీ
ఒక్క చుక్కై తెర మధ్యలో ఆరిపోయేవి.

తొంభై ఆరు తుపానుకి షాపు రేకులు లేచిపోయాయి.
బురదలో పన్నెండు క్యాసెట్లు దొరికాయి.
మంచినీళ్ళతో కడిగి, ఊక మీద ఆరబెట్టి,
ఏసుపాదం ఒక్కోదాన్నీ పెదాలకి ఆనించుకుని ఊదాడు.
మూడు బతికాయి.

ఇప్పుడు ఊదడానికేం లేదు.
నూట ముప్ఫై జీబీ.
మా గట్టు మీది సిగ్నలుకి అది దిగేలోపు
రొయ్య వంద కౌంటు నుంచి నలభైకి వచ్చేస్తుంది.
దిగాక మళ్ళీ కొనమంటుంది,
కత్తికి రంగు, గుర్రానికి జీను.
ఆట ఎప్పటికీ అవదు, కొత్త సీజన్ అంటుంది.
మాకు తెలిసిన సీజన్లు సార్వా, దాళ్వా.

అయినా చూస్తాను. ఒక్క ట్రైలరూ వదలను.
ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కడో కూర్చుని చేస్తున్నారట,
లైట్‌హౌస్ కాపలావాడి ఆట.
రాత్రంతా దీపం ఆరకుండా చూడ్డమే పని. యుద్ధం లేదు.
నా జీతమే దానికి కదా అని నవ్వుకుని
డబ్బులు ముందే కట్టేశాను.

సఖినేటిపల్లి రేవు పంటు నడిపే ఆట ఎవరైనా చేస్తే
రెండు కాపీలు కొంటాను.
బళ్ళు ఎక్కించాలి, బరువు ఒక పక్కకి ఒరక్కుండా చూడాలి,
పోటుకి ఒకలా, పాటుకి ఒకలా తిప్పాలి.
స్కోరొద్దు. అవతలి ఒడ్డు చాలు.

రెండోది ఏసుపాదానికి.
వాడిదెప్పుడూ రెండో రిమోటే, వైరు తేలిపోయింది.
వాడి ప్రాణాలు అయిపోతే
నాలోంచి ఒకటి తీసుకునేవాడు, అడక్కుండా.
ఆ ఆటలో అలా కుదిరేది.

మొన్న మేత లోడు దింపడానికొచ్చాడు.
షెడ్డులో పాత పెట్టె బిగించాను.
బతికిన మూడింట్లో ఒకటి పెట్టి, ఇద్దరం ఊదాం.
మొదటి స్టేజిలోనే వాడి మూడు ప్రాణాలూ పోయాయి.
నావైపు చూడలేదు.
రెండు బటన్లూ కలిపి నొక్కాడు.
నా లెక్కలో ఒకటి తగ్గింది.

కొత్తవాటిలో ఈ సదుపాయం ఉందో లేదో
ట్రైలర్లో ఎవడూ చెప్పడు.

అవతల చెరువులో ఏరేటరు ఆగినట్టుంది.
పాజ్ నొక్కి లేచాను.