పదకొండో తీగ

లియెపాయాలో గాలి తలుపు తట్టదు,
తోసుకొస్తుంది.
పుట్టినప్పటి నుంచీ దానికి అలవాటే.
కంప్యూటర్లోంచి తోసుకొచ్చేవాళ్ళే
ఇంకా అలవాటు కాలేదు.

రాత్రి తొమ్మిదికి పేకాట ప్రోగ్రాం తెరుస్తాను.
ఇరవై ఆరు ముక్కలు, ముగ్గురు మనుషులు,
తలా ఎనిమిది, బల్ల మీద బోర్లా రెండు.
ఆట పేరు జోలె.
జోలె పట్టేది మాత్రం పక్కనున్న గళ్ళు:
కట్టుడు పళ్ళకి జిగురు,
మోకాళ్ళకి ఏదో కొవ్వు,
"మీ అంత్యక్రియల ఖర్చు ఇప్పుడే కట్టండి,
ఇరవై శాతం తగ్గింపు."

నా వయసు వీళ్ళకెవరు చెప్పారు?

ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో
ఒకప్పుడు నాకు తెలిసేది.
టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మూడో బోర్డు నాది.
దీపం వెలగ్గానే తీగ లాగి కన్నంలో గుచ్చడం,
"మాట్లాడండి" అనడం,
చెవి పక్కకి తిప్పుకోవడం.
చెవి తిప్పుకోనివాడొకడు
వెనక గదిలో ఉండేవాడు.
అతని తీగ ఏ పటంలోనూ లేదు.
అతను వింటున్నప్పుడు లైను కాస్త బరువెక్కేది,
గొంతులు నూతిలోకి ఒక మెట్టు దిగినట్టు.
మా అందరికీ తెలుసు.
ఎవ్వరం పైకి అనలేదు.

ఇప్పుడు అంటాను.

కింది అంతస్తు రైవిస్ నేర్పాడు:
నల్ల తెర, ఒక్క ఆజ్ఞ.
టక్కున రాలతాయి వరసలు,
అంకె, చుక్క, అంకె, చుక్క,
చివర నాలుగు వందల నలభై మూడు,
దాని పక్కన స్థితి:
కలిసి ఉంది. ఎదురుచూస్తోంది. మూసుకుంటోంది.
"భయపడకండి, స్కైద్రీత గారూ" అన్నాడు.
భయమా! నా పాత బోర్డే ఇది,
దీపాలు లేవు, అంతే.

ముక్కలింకా పంచనేలేదు,
అప్పుడే పదకొండు తీగలు!
ముగ్గురం ఆడే ఆటకి
పదకొండెందుకు?

జామ్ సీసాల లెక్క రాసే నోటుపుస్తకంలో
వెనక నుంచి మొదలుపెట్టాను.
తొమ్మిదీ నాలుగు: జిగురు వచ్చింది,
అదే నిమిషంలో ఈ అంకె మేలుకుంది.
తొమ్మిదీ పదకొండు: శవపేటిక,
దానికి ముందు ఆ రెండూ గుసగుసలాడాయి.
ఐదు రాత్రులు చూశాను.
అంకెల వెనక పేర్లు వెతికాను.
ఆరో రాత్రి, పేరు పేరునా,
సున్నా సున్నా సున్నా సున్నా గదికి పంపించేశాను.
ఆ గదిలో ఎవరూ ఉండరు.
ఎంతసేపు పలికినా
"మాట్లాడండి" అనేవాళ్ళుండరు.

ఒకటి, రెండు, ఆరు, పది.
గళ్ళు ఒక్కొక్కటే బూడిదరంగు.
చేయి జోరు మీదుంది,
పదకొండోదీ తెంపేశాను.

ముక్క గాల్లో ఆగిపోయింది.

ఇస్పేటు రాణి, సగం దూరంలో.
వేసింది ఎవరో తెలుసు:
'ఒంటరి కొంగ' అని పేరు పెట్టుకున్న మనిషి,
ఆడో మగో తెలియదు,
ప్రతి ముక్కకీ నిమిషం ఆలోచించి
చివరికి తప్పే వేసే మనిషి.
అటువైపు ఆ తెర మీద
నేనూ ఇలాగే ఆగిపోయి ఉంటాను.

మాట మధ్యలో తీగ ఊడిపోతే
ముందు కలిపి
తర్వాత క్షమాపణ చెప్పాలి.
అది మా సూపర్వైజర్ ఆర్సీయా పెట్టిన రూలు.
కలిపాను.

రాణి బల్ల మీద పడింది. తప్పు ముక్కే.
హమ్మయ్య.

ఆ తీగ వెంటే ఒక గడి కూడా మెరిసింది.
దాన్ని వదిలేశాను; ఒక్కటేగా,
పైగా నా సమాచారం మోసేవాళ్ళంతా
ఖాళీ గదిలో అరుచుకుంటున్నారు.
ఏం అమ్ముతున్నాడా అని కళ్ళద్దాలు సర్దుకుని చూస్తే,
గొడుగులు.
పూల గొడుగులు, మడత గొడుగులు, రెండు కొంటే మూడోది ఉచితం.

కిటికీ అవతల గాలి
ట్రామ్ తీగల్ని ఊపి ఊపి వదులుతోంది.
ఈ ఊళ్ళో గొడుగు
మూడడుగులు నిలవదు.

నా గురించి
పాపం, వాడికేమీ తెలియదు.