దారం చుట్టిన కాకరకాయ

సంతకానికి ముందే ఒప్పుకున్నాడాయన:
"ఈ రెండింట్లో ఏది మేలో
మాకూ ఇంకా పూర్తిగా తెలీదు.
తెలిస్తే మిమ్మల్ని అడిగేవాళ్ళం కాదు."
ఈ హల్ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళలో
ఒక పెద్దమనిషి నాతో 'తెలీదు' అనడం
అదే మొదటిసారి.
అందుకే పెట్టాను సంతకం.

ఇక్కడ సర్జన్ని డాక్టరనరు, మిస్టరంటారు.
మిస్టర్ ఎల్లర్బీ బొమ్మ గీశాడు.
ఒక పద్ధతిలో రొమ్ము కింది నుంచి బొడ్డు దాకా నిలువుగీత.
ఇంకోదాంట్లో అయిదు చుక్కలు,
ముగ్గు మొదలెట్టి, ఎవరో పిలిస్తే లేచిపోయినట్టు.
ఏదన్నది నేను ఎంచుకోను, ఆయనా ఎంచుకోడు,
కంప్యూటరు చీటీ తీస్తుంది.
చీటీల్లో నా పేరు ఎప్పుడూ
ఆఖరి నెలకే వచ్చేది.

బడి వంటగదిలో మనిషిని,
కోయడం గురించి నాకొకరు చెప్పక్కర్లేదు.
కాకరకాయకి ఒక పక్కనే గాటు పెట్టి
గింజలన్నీ వేలితో లాగేసి
కారం కూరి దారం చుడతాం.
చూసేవాళ్ళకి కాయ కాయలాగే ఉంటుంది.

పక్క మంచం బెరిల్ ఒప్పుకోలేదు.
పదహారో ఏట నుంచీ హెసిల్ రోడ్డు షెడ్లలో
చేపలు కోసిన చెయ్యి అది.
"పొట్ట పూర్తిగా తెరవాలి తల్లీ,
ఏది ఎక్కడుందో అప్పుడే వేళ్ళకి తెలుస్తుంది.
కన్నంలోంచి తొంగిచూస్తే ఏముంది?"

మా నాన్న లెక్కల మాస్టారు.
"పొట్ట కోస్తే అక్షరం ముక్క రాదు" అనేవాడు
క్లాసంతటినీ, కళ్ళు మాత్రం నా మీదే పెట్టి.
మత్తెక్కేముందు అది గుర్తొచ్చి నవ్వొచ్చింది.
ఇవాళ తేలిపోతుంది నాన్నా,
ఉందో లేదో.

లేచేసరికి ఇద్దరికీ ఒకే ప్లాస్టరు.
పక్కటెముకల నుంచి బొడ్డు కిందికి వెడల్పాటి తెల్లగుడ్డ.
ఎవరికి ఏది చేశారో మాకు తెలీకూడదట,
నొప్పి అడిగే నర్సుకీ తెలీకూడదట.
"పదికి ఎంత?" రోజుకి మూడుసార్లు.
నాకు ఆరు. బెరిల్‌కి నాలుగు.
దగ్గితే తొమ్మిది.
నవ్వితే పది,
బెరిల్ నవ్వించకుండా ఉండదు.

పందెం కాశాం.
నాది గీతేనని నేను, తనవి చుక్కలేనని తను.
ఓడినవాళ్ళు ఒక డబ్బా బిస్కెట్లు కొనాలి,
ఇద్దరం తినలేనివి.

అయిదో రోజు విప్పారు.
నావి చుక్కలు.
ఆరూ తొమ్మిదీ పదీ
ఈ అయిదు బెజ్జాలకా! సిగ్గేసింది.
బెరిల్ తన గీతని వంగి చూసుకుని
"చెయ్యి తిరిగినవాడే" అంది,
తోటి పనివాణ్ణి మెచ్చుకున్నట్టు.

లోపల తీసింది ఇద్దరికీ ఒకటే, మూడింట రెండొంతులు.
దొడ్డిదారినొచ్చినా వాకిట్లోంచొచ్చినా
పోయిన సొత్తులో తేడా లేదు.
అయిదేళ్ళయ్యాక ఎవరెలా ఉంటారో
అదే వాళ్ళ ప్రశ్న.
నా ప్రశ్న వేరు.

బెరిల్ బస్‌స్టాపులో కూడా చొక్కా ఎత్తి చూపిస్తుంది.
మందుల షాపు పిల్లకీ, పోస్టుమాన్‌కీ,
వద్దన్నవాళ్ళకీ.
నేను ఎవరికీ చెప్పలేదు.
కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని
చిన్నప్పుడే నేర్పారు కదా.
అయిదు చుక్కలు, జాకెట్టు కిందే సర్దుకుపోయాయి.
"కడుపునిండా తింటున్నావా?" అంటుంది అక్క
అమలాపురం నుంచి, ప్రతి ఆదివారం.
"ఆఁ" అంటాను.
అబద్ధం కాదు. అర ఇడ్లీకే నిండిపోతోంది.

నిన్న కాకరకాయ వేపుడు చేసి
నాలుగు కాయలు బెరిల్‌కి పట్టుకెళ్ళాను.
తను ఒకటి ఫోర్కుతో అటూ ఇటూ దొర్లించి
"ఈ దారం ఏం చెయ్యాలి?" అంది.
"విప్పాలి" అన్నాను.
"విప్పాకే తినాలి."

ఇంటికొచ్చేసరికి పది.
అక్క లేవడానికి ఇంకా రెండు గంటలు.
ఫోను ఒళ్ళో పెట్టుకుని
మెట్ల మీదే కూర్చున్నాను.