ఒరలో మూడు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఫెరఖర్ బల్ల మీదికొచ్చిన ఈ నల్లతోలు ఒరలో
మూడున్నాయి:
పిడితో కలిపి మూరెడు పొడవు డర్క్,
దాని పొట్ట మీద పిల్లల్లా ఎక్కి కూర్చున్న
ఒక చిన్న చాకు, రెండు పళ్ళ ఫోర్కు.

డింగ్‌వాల్‌లో నవంబరు వాన.
తెచ్చినామె పేరు ఓయ్రిక్, ఎనభై దాటి ఉంటుంది.
రొట్టె చుట్టిన కాగితంలోనే దీన్నీ చుట్టి తెచ్చింది.
ఒర కుట్ల మధ్య పిండి.
"మ్యూజియం వాళ్ళు అడుగుతున్నారు,
కాస్త మెరిపించి ఇవ్వు."

నాడి చూసినట్టు ముందు పిడి పట్టుకున్నాడు.
బురదనేలలో వేల ఏళ్ళు నానిన ఓక్ కర్ర,
బొగ్గు నలుపు.
దాని మీద తాడులోంచి తాడు దూరిపోయే అల్లిక,
మొదలెక్కడో దొరకదు.
ముడి ముడికీ వెండి మేకు. రెండు రాలిపోయాయి.
కొసన తేనెరంగు రాయి.
కెయిర్న్‌గామ్ కొండల్లోది కాదు, గాజు.
అసలుది ఎప్పుడు పోయిందో ఓయ్రిక్‌కి తెలియదు,
తెలిసినా చెప్పే మనిషి కాదు.

కులోడెన్ తర్వాత
ఇలాంటిది ఇంట్లో దొరికితే చెరసాల.
దీని మీద ఒట్టేసిన చేతులే
దీన్ని గడ్డికప్పుల్లో దాచాయి.
వద్దన్న సింహాసనమే
తన జీతానికి చచ్చేవాళ్ళ నడుములకి
మళ్ళీ కట్టి పంపింది.

అలుగు దూశాడు.
పటాలం గెలిచిన ఊళ్ళు ఏడు, ఆమ్లంతో తొలిచిన అక్షరాల్లో.
కింద ఒక ఏనుగు.
చెక్కినవాడు ఏనుగుని చూసి ఉండడు:
క్యాబేజీ ఆకుల్లాంటి చెవులు,
గొర్రె కళ్ళు.
ఎవరి చేలు తొక్కుకుంటూ ఇంతదూరం వచ్చిందో
దాన్ని అడిగి లాభం లేదు.

ఇది యాఖన్‌ది, ఓయ్రిక్ ముత్తాతది.
పటాలంలో తిత్తి ఊదేవాళ్ళకి పెద్ద.
ఇరవై రెండేళ్ళ కొలువయ్యాక
అధికారులు చందాలేసుకుని చేయించి ఇచ్చారు.
రెండు చేతులూ తిత్తికిచ్చినవాడికి
కత్తి దూసే చేయెక్కడిది?
అంచు మీద గోరు ఆనించి చూశాడు ఫెరఖర్.
సాన ముఖమే ఎరగదు.

చిన్న చాకు మాత్రం
అరిగి అరిగి గడ్డిపోచలా ఉంది.

"హెర్రింగ్," అంది ఓయ్రిక్.
"మా అమ్మమ్మ దీంతోనే చేప పొట్టలు చీల్చేది.
లెర్విక్ నుంచి యార్మత్ దాకా
చేప ఎటుపోతే అటు, ఆడవాళ్ళంతా.
నిమిషానికి నలభై."
నలభై అన్నప్పుడు
ఆమె బొటనవేలు తనంతట తనే కదిలింది.

మెరుగుకోసం ఒర వెండిపట్టీ విప్పాడు.
ముందువైపు కిరీటం, ముళ్ళపువ్వు,
ఎవరూ సరిగా పలకలేని లాటిన్ మాట.
వెనక్కి తిప్పితే
సూదితో గీసిన అంకెలు.
వరసలు వరసలుగా, ఒక్కోటీ ఒక్కో చేతిరాత.
నవంబరు. నవంబరు. జనవరి. మళ్ళీ నవంబరు.
కళ్ళద్దం దగ్గరికి లాక్కుంటే గాని అర్థం కాలేదు:
ఇన్వర్‌నెస్ తాకట్టుకొట్ల గుర్తులు.
పందొమ్మిది సార్లు వెళ్ళింది.
చేప ఒడ్డుకి దగ్గరైన ప్రతిసారీ
తిరిగొచ్చింది.

ఆ పటాలం ఇప్పుడు లేదు.
ఇంకోదాంతో కలిపారు, దాన్ని మరోదాంట్లో కలిపారు,
బొత్తాలు మార్చారు.
పాత బొత్తాలు పిల్లలు గోళీలకి మార్చుకున్నారు.

ఓయ్రిక్ పట్టీ అందుకుని వెలుతురుకి వంచింది.
వేలితో ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళి
ఒకచోట ఆగింది.
"ఇది మా అమ్మ పుట్టిన ఏడు."
కిటికీ మీద వాన చాలాసేపు పడింది.

"ముందు మెరిపించు," అంది చివరికి.
"వెనక గుడ్డ కూడా తగలనివ్వకు."
"వాళ్ళకి చెప్పాలి కదా?"
"అద్దాల పెట్టెలో బోర్లా పెట్టరులే."

రసీదు మడిచి కోటు లోపలి జేబులో దాచుకుంది.
తలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చి
ఫోర్కు తీసి సంచిలో వేసుకుంది.
ఇంట్లో బీట్‌రూట్ ఊరబెట్టిన సీసా ఉందట,
మూతి సన్నం,
దాని అడుగుదాకా అందేది ఇదొక్కటేనట.