తరుగు

ముప్పై ఏళ్ళు జనం బంగారంలో తరుగు తీశాను.
ఇప్పుడు నా నిద్రలో తీస్తున్నాను.

పాలకొల్లు, కాలువ నుంచి లోపలికి రెండో సందు.
గాజుపెట్టె కాటా మీద ఉన్నది ముక్కుపుడక కాదు,
తెల్లటి బిళ్ళ.
నూట ఇరవై మిల్లీగ్రాములు తూగింది.
అందులో మందు అర మిల్లీగ్రామేనట, మిగతాదంతా పిండి.
నగలో ఇంత కలిపితే నన్ను ఊళ్ళోంచి తరిమేసేవాళ్ళు.

కొట్టుకి కన్నం పడిన ఏడాది మొదలైంది.
పోయిన బంగారం నాది కాదు, తొమ్మిది ఇళ్ళది.
గడప గడపా ఎక్కి చెప్పొచ్చాక
కన్ను మూస్తే చాలు, తాళం విరిగిన చప్పుడు.
పదిహేను రోజులకని రాసిచ్చిన చీటీ
నాలుగు మడతల దగ్గరా చిరిగి పోయింది.
మందుల కొట్టు సత్తిపండు చీటీ అడగలేదు.
నేను తేదీ చూసుకోలేదు.
ఏడేళ్ళు.

ఓ మంగళవారం రోషమొచ్చి
అట్టలన్నీ కాలువలో విసిరేశాను.
మూడో రోజు, అతుక్కి వెలిగారం రాస్తుంటే
చెయ్యి నాది కాకుండా పోయింది.
మిగతాది వీరవేణి చెబితే విన్నదే:
గ్యాసు తను కట్టేసిందట,
నాలుక తెగి చొక్కా అంతా నెత్తురట,
ఆటోలో నేను మా అమ్మని పేరు పెట్టి పిలిచానట.

డాక్టర్ సుభాషిణి తిట్టలేదు.
"మానాలనుకోవడం మంచిదే. ఒక్కసారిగా మానడమే ప్రమాదం.
ఇది మీ గుణం కాదు ఆచారిగారూ, ఒళ్ళు అలవాటు పడింది.
మళ్ళీ వేసుకోండి. నిలదొక్కుకున్నాక నెమ్మదిగా దిగుదాం."
మళ్ళీ వేసుకోవాలా!
ఆ రాత్రి బిళ్ళ మింగి, ఓడిపోయినవాడిలా పడుకున్నాను.

చూడ్డానికి ఏసుపాదం వచ్చాడు, లాకుల దగ్గర లస్కరు.
ఆ తొమ్మిది ఇళ్ళలో వాళ్ళదొకటి. కూతురి జూకాలు.
"కాలువ కట్టేటప్పుడు ఎప్పుడన్నా చూశారా అండి?
రాత్రికి రాత్రి నీళ్ళు దించేస్తే గట్టు జారిపోద్ది.
నీళ్ళు కాలువలోనే ఉన్నాయనుకుంటాం గానీ
గట్టు లోపలా ఉంటాయండి, ఆయ్.
అయ్యి ఊరి బయటికి రాడానికి టైమివ్వాలి."
జూకాల మాట ఎత్తలేదు.
కొబ్బరిబోండం గోడకి ఆనించి వెళ్ళిపోయాడు.

"నా దగ్గర కాటా ఉందమ్మా" అంటే డాక్టరమ్మ నవ్వింది.
"తూకం మీది. లెక్క మాత్రం నాది."
రెండు మూడు వారాలకోసారి, పదో వంతుకి మించకుండా.
తరుగు తగ్గించమని నాతో బేరమాడిన నోళ్ళన్నీ
ఇప్పుడు నా నోట్లోనే ఉన్నాయి.

శ్రావణం. పెళ్ళిళ్ళు.
పక్క కొట్లో సుత్తి దెబ్బ నా దవడలో మోగేది.
చర్మం కింద చీమల బారు.
వీధి చివర రొయ్యల లారీ ఆగితే
ఇక్కడ నాకు కడుపులో తిప్పేది.
ఏ కారణమూ లేకుండా ఏడుపు,
అన్నం ముందు కూర్చుని, పప్పు కలుపుతూ.
"ఈ నెల దిగొద్దు. ఉన్న మెట్టు మీదే కూర్చోండి" అంది.
ఆరు వారాలు కూర్చున్నాను.
కూర్చోవడం కూడా పనేనని
నాకు ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

కొట్టు దుమ్ము కొనుక్కెళ్ళే పోలమ్మ
చాటలో వేలు పెట్టి అడిగింది, "ఇదేటండీ, తెల్లగా?"
"అది తియ్యకు. కడిగినా ఏమీ రాదు."
వీరవేణి తడిగుడ్డతో బల్లంతా తుడిచేసింది.

మళ్ళీ ఏప్రిల్. కాలువ కట్టారు.
లాకుల దగ్గర నిలబడి చూశాను:
బురదలో సైకిల్ చక్రం, పగిలిన కుండ,
ఎవరిదో ఒంటి చెప్పు.
నా అట్టలు కనిపిస్తాయేమోనని వెతికాను. లేవు.
గట్టు మాత్రం ఉంది.

ఇంకా ముప్పై ఏడు మిల్లీగ్రాములు.
కొన్ని రాత్రులు మూడింటికి మెలకువొస్తుంది,
కొన్ని రాత్రులు రాదు.
పగలు, చెయ్యి మాట విన్న గంటసేపు,
జూకాలు చేస్తున్నాను.
ఒక చెవిది అయింది.
తరుగు వేసుకోలేదు.