నలుపు చూపియ్యి

హన్మకొండ చౌరస్తాల అద్దాల దుకాణం.
లోపట అడుగు పెడితే ఎండ బయటనే ఆగింది.
గోడ నిండ టీవీలు,
అన్నిట్ల ఒకటే చిలుక, ఒకటే కొమ్మ,
అన్నీ ఒక్కపారే రెక్క ఇప్పుతున్నయి.

తాజొద్దీన్ అని పిలగాడు, మెడల పట్టీ,
"ఇది ఎల్ఈడీ అంకుల్, గది ప్లాస్మా" అన్నడు.
ఒకటి అప్పడం లెక్క సన్నగ.
ఇంకోటి బరువు. దగ్గర చెయ్యి పెడితే
కాగు దింపిన పొయ్యి అంత వెచ్చగ.

నేను ముప్పై ఒక్క ఏండ్ల సంది
కొత్తవాడల నూలుకు రంగు అద్దేటోణ్ణి.
ఎరుపు ఎవలన్న అద్దుతరు.
పసుపు పిల్లగాండ్ల పని.
నలుపు సంగతి నన్నడుగుండ్రి.
మొదటి మునుగుకు బూడిద,
రెండో మునుగుకు కాకి రెక్క,
మూడోపారి ముంచి, పిండి, నీడకు ఆరేస్తే
అప్పుడు నలుపు.
అండ్ల పడ్డ చూపు మళ్ల ఎనుకకు రావొద్దు.

అందుకే అన్న:
"చిలుకను ఆపు బిడ్డా,
రాత్రి చూపియ్యి."

"రాత్రా? అందరు క్రికెట్ అడుగుతరు అంకుల్."
"రాత్రే. చందమామ లేంది."

వెతికి వెతికి ఏదో అడివి పెట్టిండు,
అండ్ల ఒకడు లాంతరు పట్టుకొని ఉరుకుతున్నడు.
లైట్లు ఆర్పమన్న.
సేటు మొఖం మాడ్చుకొని రెండు ఆర్పిండు.
ఇంకో రెండు అన్న.

అప్పుడు కనవడ్డది.
ఎల్ఈడీల రాత్రి ఒక్క మునుగుదే,
అంచుల పొంటి తెల్లగ కారుతున్నది
తలుపు సందుల నుంచి వీధి బుగ్గ లెక్క.
ప్లాస్మా రాత్రి మూడు మునుగులది.
లాంతరు ఒక్కటే ఉన్నది,
మిగిలిందంత లేనే లేదు.
ఇది అద్దినోని చేతులు
ఒక్కపారి చూడాలె అనిపిచ్చింది.

సేటు ఎందుకో నిజం చెప్పిండు:
"దీనికో ఐబున్నది.
ఒకటే బొమ్మ మస్తుసేపు ఉంటే మచ్చ పడ్తది,
చానల్ గుర్తు మూలకు అట్లనే అంటుకుంటది."
నా అరచేతులు తిప్పి చూపిచ్చిన.
గోర్ల సందుల నీలం, గీతల్ల నలుపు,
పెండ్లినాటి పసుపు నీళ్లకు గూడ పోలే.
"పడనియ్యి" అన్న.

అనసూర్య అప్పటిదాక మాట్లాడలే.
కరెంటు ఎంత తాగుతదో రాసిన బిళ్ల
వేలు పెట్టి చదువుతున్నది.
తల ఎత్తకుంటనే అడిగింది:
"మనింట్ల చీకటి ఎప్పుడుంటది?"

నోరు తెరిచిన, మూసిన.

తలుపు దగ్గరికేస్తే మగ్గానికి వెలుగుండది.
కిటికీ రెక్కలు ఎన్నడో ఊడబీకి
కండెలు పెట్టే పలక చేసినం.
రేకుల సిల్లుల నుంచి ఎండ
నేల మీద రూపాయి బిళ్లలు పరుస్తది.
టీవీ చూసుడంత పగటీలే,
ఆసు పోసుకుంట తాను, వాడకట్టు ఆడోళ్లు నలుగురు.
తొమ్మిది కొడితే వాడంత నిద్ర.

"నువ్వు నలుపు చూస్తవు,
మేం ఎండల చూడాలె.
గీ అద్దం పెట్టెల పగటిపూట
మా మొఖాలే మాకు కనవడ్తయి.
గవి చూసేటందుకు పైసలెందుకు?"

తాజొద్దీన్ నవ్వు ఆపుకున్నడు.
సేటు ఆపుకోలే.

ఎల్ఈడీ కొన్నం.
ఆటోల ఆమె ఒక అంచు, నేను ఒక అంచు,
తడి జంపఖానా మోసినట్టు
పోచమ్మ మైదాన్ దాటిచ్చినం.
ఇప్పుడు పగలంత చిలుక పచ్చగనే ఉంటది,
ఎండ ఎంత కొట్టినా ఎలువది,
ఒప్పుకోవాలె.

గని మొన్న ఐతారం
మిగిలిన నూలు మూడు మునుగులు ముంచి
నేసి, కిటికీకి మొల కొట్టి యాలాడగట్టిన.
తలుపేసిన. సిన్మా పెట్టిన.
రాత్రి వచ్చింది తెర మీదికి,
బూడిద రంగుల.
మునుపటి కంటె ఇంక బూడిదగ.
తప్పు నాదే,
పక్కన అసలుది పెట్టిన.

ఎంతసేపు చూసిన్నో,
టీవీ చూసిన్నో కిటికీ చూసిన్నో.
అనసూర్య అటు ఒత్తిగిల్లి
నిద్రలనే అన్నది:
"చీకటైంది గద,
ఇగ బందు చెయ్యి."